గడీ చూడటానికి వచ్చేవాళ్లకు వెట్టి కథ కూడా చెప్పాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

పల్లెల్లో దొరలు కట్టుకున్న కోటల్లాంటి పాత భవనాలను, అంటే గడీలను, బాగుచేసి పర్యాటకులకు తెరవాలన్న మాట ఈమధ్య తరచూ వినిపిస్తోంది. నేను దానికి పూర్తిగా అనుకూలం. అయితే తెరిచాక లోపల ఏం చూపిస్తాం, వచ్చినవాళ్లు అక్కడ ఏం చేస్తారు అన్నది మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. పెళ్లిళ్లకు అద్దెకివ్వడం, ప్రీ వెడ్డింగ్ షూట్లు, రాత్రిపూట లైటింగ్ దగ్గరే చర్చ ఆగిపోతోంది.

కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటనే తీసుకుందాం. కూలిపోయే దశలో ఉన్న కోటను సంస్థానం వారసులే పూనుకుని నిలబెట్టారు. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దానికి అవార్డ్ ఆఫ్ మెరిట్ వచ్చింది. మరమ్మతు చక్కగా చేసినందుకే కాదు, ఊరివాళ్లందరికీ పనికొచ్చే చోటుగా కోటను మలిచినందుకు కూడా మెచ్చుకున్నారు. అక్కడ వాడింది సున్నమే. పాత గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి ఉండదు. కొన్ని వానాకాలాలు గడిచేసరికి పెచ్చులు ఊడిపోతాయి, వాటితోపాటు లోపలి ఇటుక కూడా రాలుతుంది. మన తాతల కాలం డంగు సున్నం గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది. సున్నం, ఇసుక గానుగలో పోసి ఎద్దులతో తిప్పించేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపి వెన్నలా అయ్యేదాకా నూరేవారు. ఈ పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు ఎక్కడో ఒకరిద్దరు ఉంటారు. గడీ ఆవరణలో ఒక గానుగ పెట్టి, బడిపిల్లల చేత ఒక పూట సున్నం నూరించి, ఒక చిన్న గోడకు వాళ్ల చేతులతోనే పూయించండి. సెల్ఫీ కన్నా ఎక్కువ కాలం గుర్తుంటుంది, మేస్త్రీకి కూలీ దొరుకుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. గడీ అనగానే మా పెద్దవాళ్లకు గుర్తొచ్చేది వెట్టి. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలుతకాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, వేటికీ పైసా ఉండదు. వాన పడితే రైతు తన చెలక వదిలేసి ముందు దొర పొలం దున్నాలి. గడీ ముందునుంచి వెళ్లాలంటే చెప్పులు విడిచి చేతబట్టుకోవాలి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం ఎదురు నిలబడింది విసునూరు దొర అయిన దేశ్‌ముఖ్‌కే. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద అదే దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. సాయుధ పోరాటం అక్కడినుంచే రాజుకుంది. ఇంత చరిత్ర ఉన్న గోడల మధ్య నిలబడి, దొరవారి ఝరోకా (గోడ బయటికి పొడుచుకొచ్చిన కిటికీ) ఎంత అందంగా ఉందో మాత్రమే చెప్పి పంపించడం ఆ మనుషులకు అన్యాయం చేయడమే.

ఇదంతా చెబితే పర్యాటకులు రారన్న భయం అక్కర్లేదు. వేల్స్‌లో ఎర్డిగ్ అనే ఎస్టేట్ ఉంది. 1973లో దాని యజమాని దాన్ని పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు అప్పగించాడు. అక్కడ సందర్శకులకు ముందు కనిపించేది గుర్రపుశాలలు, వంటిల్లు, పనివాళ్ల చోట్లు. ఆ కుటుంబం తరతరాలుగా పనివాళ్ల బొమ్మలు గీయించి, వాళ్ల మీద పద్యాలు రాసి గోడలకు తగిలించింది. జనాన్ని ఆకట్టుకునేవాటిలో అవీ ఉన్నాయి. అదే ట్రస్ట్ 2020లో తన అధీనంలోని 93 చోట్లకు వలస పాలనతోనో బానిసల వ్యాపారంతోనో ఉన్న సంబంధాలను నివేదికగా బయటపెట్టింది. దానిమీద గొడవ జరిగింది, విమర్శలొచ్చాయి. అయినా వెనక్కి తీసుకోలేదు. మనకు ఆ మాత్రం ధైర్యం ఎందుకు ఉండకూడదు?

మన గడీలో ధాన్యం గరిసెల దగ్గర నిలబడి ఆ వడ్లు ఎవరి చేలోంచి ఎలా వచ్చాయో చెప్పాలి. మోట బావి పూడిక తీసి, మోట కొట్టడం చూపించాలి. సాయంత్రం ఒగ్గు కథ పెట్టించొచ్చు. చెప్పేవాళ్లు ఆ ఊరివాళ్లే కావాలి, వాళ్లకు జీతం ఇవ్వాలి. టికెట్ డబ్బుల్లో గ్రామ పంచాయతీకి వాటా రాసివ్వాలి. పెళ్లిళ్లు వద్దని నేను అనను. గడీని పోషించడానికి డబ్బు కావాలి కదా. కానీ డెకరేషన్ వాళ్లు రెండొందల ఏళ్ల చెక్క స్తంభానికి మేకులు కొట్టడం ఏ ఒప్పందంలోనూ ఉండకూడదు. ముందు మరుగుదొడ్లు, తాగునీరు ఏర్పాటు చేయాలి, ఆ తర్వాతే లైటింగ్.

2017లో వచ్చిన తెలంగాణ వారసత్వ చట్టం మన దగ్గర ఉంది. ఏ గడీకి ప్రభుత్వం డబ్బు గానీ అనుమతి గానీ ఇచ్చినా, అక్కడ వెట్టి చరిత్రకు ఒక గది కేటాయించాలని షరతు పెట్టమని అధికారులను కోరుతున్నాను. ఆ రోజులు కళ్లారా చూసినవాళ్లకు ఇప్పుడు తొంభై ఏళ్లు. ఈ ఏడాదే వాళ్ల మాటలు రికార్డు చేయించాలి. మీ పత్రిక కూడా జిల్లా పేజీల్లో వారానికో గడీ గురించి, అక్కడ వెట్టి చేసిన కుటుంబాల నోటి మాటలతో రాయించాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కామారెడ్డి జిల్లా