మాత్ర మారితే ఆ మాట చెప్పాలి

సంపాదకులు గారికి,

‘జెనరిక్ మాత్రలో మందు 20 శాతం తక్కువ ఉంటుందట’ అనే మాట చాలామంది నోట వింటున్నాను. (జెనరిక్ అంటే మొదటి కంపెనీ బ్రాండెడ్ మందులో ఉన్న మందుతోనే వేరే కంపెనీలు తయారుచేసేది.) ఆ మాట నిజం కాదు. ఆ భయంతో మందులు మానేసేవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

జెనరిక్‌లకు అనుమతి ఇవ్వడానికి పెట్టిన 80 నుంచి 125 శాతం అనే హద్దును తప్పుగా అర్థం చేసుకోవడం వల్లే ఈ భయం. ఆ హద్దు మాత్రలో ఉన్న మందుకు సంబంధించింది కాదు. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు ఒకసారి బ్రాండెడ్, ఇంకోసారి జెనరిక్ ఇచ్చి, రక్తంలోకి ఎంత మందు చేరిందో కొలిచి పోలుస్తారు. సగటు ఒక్కటే ఆ హద్దులో ఉంటే చాలదు, లెక్కలో అటూ ఇటూ ఉండే తేడా కూడా అందులోనే ఇమడాలి. నిజంగా 20 శాతం తగ్గిన మందు ఇందులో నెగ్గడం దాదాపు అసాధ్యం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1996-2007 మధ్య ఆమోదించిన జెనరిక్‌ల మీద జరిగిన 2,070 అధ్యయనాల్లో సగటు తేడా సుమారు 3.5 శాతమే.

అయినా అమెరికాలోనే పొరపాట్లు జరిగాయి. డిప్రెషన్‌కు వాడే బుప్రోపియాన్‌లో, నెమ్మదిగా కరిగే 300 మిల్లీగ్రాముల జెనరిక్ ఒకదానికి 150 మిల్లీగ్రాముల మాత్ర పరీక్షలను బట్టే అనుమతిచ్చారు. పని చేయడం లేదని రోగులు మొత్తుకుంటే, జబ్బు స్వభావమే అంత అన్నారు. చివరకు 300 మాత్రనే పరీక్షిస్తే బ్రాండెడ్‌తో సరిపోలలేదు. 2012లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. రోగుల మాట ముందే విని ఉంటే ఎంత బాగుండేది!

ఫిట్స్‌కు ఫెనిటోయిన్, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు కొద్ది తేడా కూడా ప్రమాదమే. వాళ్లకు ఒకే తయారీ మందు కొనసాగించడం మంచిది. మార్చక తప్పకపోతే డాక్టరుకు తెలియాలి, రక్తపరీక్ష చేయించాలి.

మా నాన్నగారి విషయంలో మందు నాణ్యతలో లోపమేమీ లేదు. బీపీ మాత్ర పేరు, రంగు మారి వచ్చింది. ఎవరూ చెప్పలేదు. కొత్త మందు అనుకుని, ఇంట్లో మిగిలిన పాతదీ కొత్తదీ కలిపి వారం రోజులు వేసుకున్నారు. కళ్లు తిరిగి పడిపోయారు. అదృష్టం కొద్దీ ఎముకలు విరగలేదు.

స్ట్రిప్ మీద బ్రాండ్ పేరు కంటే మందు అసలు పేరు పెద్దగా ఉండాలన్న నిబంధన సరిగ్గా అమలు కావాలి. మందు మార్చి ఇచ్చేవాళ్లు ‘ఇది పాతదే, పేరు వేరు, రెండూ కలిపి వేసుకోవద్దు’ అని నోటితో చెప్పాలి, చీటీ మీద రాసివ్వాలి. ఇలా చెప్పడాన్ని కూడా నిబంధనగా పెట్టాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు