పూల లోయ ట్రెక్: బయల్దేరే ముందు చదవండి

అందరికీ నమస్కారం. ఉత్తరాఖండ్ వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ జూన్ 1 నుంచి అక్టోబర్ 31 వరకే తెరుస్తారు. పూలు నిండుగా ఉండేది జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. అదే వానాకాలం కాబట్టి జోషిమఠ్ దారిలో కొండచరియలు విరిగిపడి గంటల తరబడి ఆగిపోవచ్చు. తిరుగు టికెట్‌కు ముందు ఒకటి, వీలైతే రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి.

జోషిమఠ్ దాటాక వచ్చే గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపు, అక్కడి నుంచి లోయకు దగ్గరి ఊరైన ఘాంఘ్రియాకు దాదాపు 10 కి.మీ. నడక. లోయలో రాత్రి బస, టెంట్లు నిషిద్ధం. అందుకే ఘాంఘ్రియాలో పడుకుని పొద్దున 7కే గేటు దగ్గరుండండి, సాయంత్రం 5 లోపు బయటికి వచ్చేయాలి.

ముందు లోయ, మర్నాడే హేమకుండ్ (ఘాంఘ్రియా పైనున్న సిక్కుల గురుద్వారా). ఈ వరస మార్చకండి. ఘాంఘ్రియా సుమారు 3,050 మీటర్లు. హేమకుండ్ 4,000 దాటుతుంది, అదీ 6 కి.మీ. నిట్టనిలువు ఎక్కుడు. శరీరం అలవాటు పడకపోతే తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. అలాంటప్పుడు ఇంకా పైకి వెళ్లొద్దు, వెంటనే కిందికి దిగండి.

కాటన్ బట్టలు, జీన్స్ వద్దు. తడిస్తే ఆరవు, చలి పట్టేస్తుంది. బ్యాగుకు కవరున్నా లోపల బట్టలను పాలిథిన్ సంచుల్లో విడిగా కట్టండి. చేతిలో నగదు ఉంచుకోండి. పూలు మాత్రం దయచేసి కోయకండి.