కంతు తేదీ పెట్టే ముందు డబ్బు ఎప్పుడొస్తుందో అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాసింది చదివాను. ఆడవాళ్లు గ్రూపు లోన్లు తీసుకుని చీరలకు, సెల్‌ఫోన్లకు ఖర్చు పెట్టేస్తున్నారని, ఇంటి లెక్క రాసుకుంటే అప్పుల బాధే ఉండదని ఆయన మాట. మంచి కోరే రాసి ఉంటారు. కానీ నేను లెక్క రాసే మనిషినే. గత ఆగస్టు నుంచి ఒక్క రోజు కూడా వదలలేదు. మా అమ్మాయి పాత నోటుపుస్తకంలో మిగిలిన పేజీలన్నీ అయిపోయి ఇప్పుడు రెండో పుస్తకం నడుస్తోంది. ఆ లెక్కలో నాకు కనబడింది వేరు.

మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మా ఆయన పాత ఏస్ బండి కొనుక్కుని పెనుమూరు, పూతలపట్టు వైపు పల్లెల్లో పాల క్యాన్లు ఎత్తి డెయిరీకి చేరుస్తాడు. మామిడి కాలంలో తోతాపురి లోడ్లు తోలతాడు. అత్తమ్మ, ఇంటర్ చదివే మా అమ్మాయి, మేమిద్దరం, మొత్తం నలుగురం.

మామూలు నెలలో మా ఆయనకు డీజిలు, రిపేర్లు పోను 14,000 మిగులుతుంది. నా కుట్టుపని మీద 5,000. అత్తమ్మ పింఛను 4,000. కలిపి 23,000. మామిడి కాలం రెండు నెలలు మాత్రం బండి మీద 25,000 దాకా వస్తుంది. ఇక కంతులు, పుస్తకం మొదలుపెట్టినప్పటి లెక్క ఇది. బండికి 8,700, పొదుపు సంఘం లోనుకు 3,200, ఇంకో గ్రూపు లోనుకు 3,400. ఇవి కాక, అత్తమ్మ తుంటి ఎముక విరిగినప్పుడు ఆపరేషన్‌కు తెలిసినవాళ్ల దగ్గర తెచ్చిన 60,000 మీద నూటికి మూడు రూపాయల వడ్డీ, నెలకు 1,800. అంతా కూడితే 17,100. ఇంటి బాడుగ 3,500 తీసేస్తే మిగిలేది 2,400. నలుగురికి గ్యాసు, కరెంటు, పాలు, బేడలు, నూనె, అత్తమ్మ మాత్రలు అన్నీ అందులోనే. రేషన్ బియ్యం లేకపోతే ఏమయ్యేవాళ్లమో. ఇందులో చీరల పద్దు ఎక్కడుందో ఆ పెద్దాయన చూపిస్తే తీసేస్తాను.

పుస్తకం మొదలుపెట్టిన రోజు నేను చేసిన మొదటి పని, బ్యాంకు పాస్‌బుక్ ముందేసుకుని వెనక్కి చూడటం. బండి కంతు ప్రతి నెలా 5న అకౌంట్లోంచి పోవాలి. డెయిరీ వాళ్ల బిల్లు పదిహేను రోజులకొకసారి, 11న ఒకటి, 26న ఒకటి పడుతుంది. 26న వచ్చింది డీజిలుకు, కొట్టు బాకీకి పోతుంది. 5వ తేదీకి అకౌంట్లో ఏమీ ఉండదు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా నాలుగుసార్లు కంతు వెనక్కి పోయింది. పోయిన ప్రతిసారీ బ్యాంకు 590, ఫైనాన్సు వాళ్లు 590 పట్టుకున్నారు. నాలుగుసార్లకు 4,720. అది మేము తిన్నదీ కాదు, కట్టుకున్నదీ కాదు, అసలులో జమ అయిందీ కాదు. ఆరు రోజుల తేడాకు కట్టిన సొమ్ము.

అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. మనం ఎక్కడ ఎక్కువ ఖర్చు పెట్టాం అని అన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకున్నాను. కాఫీపొడి తగ్గించాను. అమ్మాయికి ట్యూషన్ మాన్పించాను. తప్పు ఖర్చులో కాదు, తేదీలో ఉంది.

ఫైనాన్సు ఆఫీసుకు వెళ్లి తేదీ మార్చమని అడిగాను. మొదటిసారి కుదరదన్నారు. రెండోసారి మేనేజరు లేడన్నారు. మూడోసారి డెయిరీ బిల్లులు, పాస్‌బుక్ జిరాక్సులు పట్టుకుని వెళ్తే 14వ తేదీకి మార్చారు. మధ్యలో తొమ్మిది రోజుల వడ్డీ ఒకసారి కట్టించుకున్నారు, సరే. అక్టోబరు నుంచి ఈ రోజు వరకు ఒక్క బౌన్స్ లేదు. మా సంపాదన ఒక్క రూపాయి పెరగలేదని గమనించండి.

చేతి అప్పు సంగతి కూడా చెప్పాలి. పెళ్లికి మా అమ్మ పెట్టిన మూడు సవర్ల గొలుసు ఉంది. దాన్ని తాకట్టు పెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు. కానీ లెక్క వేస్తే 60,000కు మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 21,600. అదే బ్యాంకులో బంగారం మీద తీసుకుంటే నూటికి ఏడాదికి 9 చొప్పున 5,400. గొలుసు బ్యాంకులో పెట్టి చేతి అప్పు తీర్చేశాను. నెలకు 1,350 మిగిలింది. ఈ పని రెండేళ్ల ముందే చేసి ఉండాల్సింది. గొలుసు మెడలో ఉంటే పరువు అనుకున్నాను.

మూడో లోను, అంటే ఆ ఇంకో గ్రూపు లోను దగ్గరే నాకు ఎక్కువ బాధ. 2024 డిసెంబరులో ఇచ్చారు. అప్పటికే మేము నెలకు 11,900 కంతులు కడుతున్నాం. ఇలా తాకట్టు లేకుండా ఇచ్చే చిన్న అప్పుల (సూక్ష్మరుణాల) మీద రిజర్వ్ బ్యాంకు 2022 మార్చిలో ఆదేశాలు ఇచ్చింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి పాతవి, కొత్తవి కలిపి అన్ని అప్పుల కంతులూ నెల ఆదాయంలో సగం దాటకూడదు. మా ఏడాది ఆదాయం మొత్తం పన్నెండు నెలలకు పంచినా నెలకు 25,000 లోపే. సగం అంటే 12,400. నాకు ఇంకా 500 కంతుకే చోటు ఉంది, ఇచ్చింది 3,400 కంతు. ఫారంలో మా ఆదాయం ఎంత రాశారో నాకు చెప్పలేదు. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. అది నా తప్పు కూడా, ఒప్పుకుంటాను. అయితే వడ్డీ, చార్జీలు, మొత్తం ఎంత కట్టాలి అన్నీ రాసిన కాగితం అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఇచ్చి, చదివి చెప్పి, అప్పుడు సంతకం తీసుకోవాలి. 2024 అక్టోబరు 1 నుంచి చిన్న లోన్లన్నిటికీ ఈ నిబంధన ఉందని మొన్న మా అమ్మాయి చదివి చెప్పేదాకా నాకు తెలియదు. వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 దాటాక రాకూడదని కూడా తెలియదు. రాత్రి ఎనిమిదికి గుమ్మం ముందు నిలబడి పక్కింటివాళ్లకు వినబడేలా మాట్లాడితే, తలదించుకుని విన్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తేదీ చూసి అప్పు ఇవ్వడం బ్యాంకులకు కొత్త కాదు. రైతుకు పంట రుణం ఇస్తే పంట చేతికొచ్చే కాలం చూసి గడువు పెడతారు. ఆ పంటను మోసే బండికి మాత్రం జనవరిలోనూ 8,700, జూన్‌లోనూ 8,700. మా ఊరి సంపాదన అలా ఉండదు. ఇక్కడ సగం మంది బతుకు మామిడితో ముడిపడి ఉంది. కోత కూలీలు, గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు, బండ్లవాళ్లు, మాలాంటివాళ్ల దగ్గర జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు కూడా. 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 కలిపి 12 రూపాయలు అన్నారు. రైతుల కష్టం పేపర్లలో వచ్చింది, రావాల్సిందే. కానీ ఫ్యాక్టరీ గేట్ల ముందు రోజుల తరబడి నిలబడ్డ బండ్లకు బాడుగ ట్రిప్పు లెక్కనే తప్ప రోజు లెక్కన రాదు. ఒక లోడు దించడానికి మా ఆయన రెండు రాత్రులు బండిలోనే పడుకున్నాడు. ఆ జూన్‌లో 25,000 రావాల్సిన చోట 13,000 వచ్చింది. అదే నెల మా అమ్మాయికి తల్లికి వందనం 13,000 పడింది. పిల్ల చదువుకని ఇచ్చిన డబ్బు కంతులకు పోయింది. పుస్తకంలో ఆ పద్దు ఇప్పటికీ అమ్మాయికి ఇవ్వాల్సిన బాకీగానే రాసి ఉంచాను.

2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణాల మీద ఆర్డినెన్స్ తెచ్చినప్పుడు వారం వారం వసూళ్లు ఆపి నెలకొకసారి అన్నారు. మా అమ్మ వాళ్ల ఊర్లో ఆడవాళ్లు ఊపిరి పీల్చుకోవడం నేను చూశాను. కంతు ఎంత అన్నదే కాదు, ఎప్పుడు అన్నది కూడా మనిషి ప్రాణం మీదికి తెస్తుందని అప్పుడే అందరూ ఒప్పుకున్నారు కదా. మరి లోను ఫారంలో ఇన్ని వివరాలు అడిగేవాళ్లు, మీ చేతికి డబ్బు ఏ తేదీన వస్తుంది, ఏ నెలల్లో ఎక్కువ, ఏ నెలల్లో తక్కువ అన్న రెండు ప్రశ్నలు ఎందుకు అడగరు? జిల్లా అధికారులు బ్యాంకర్లతో సమావేశం పెట్టినప్పుడు ఈ ఒక్క మాట లేవనెత్తాలని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను. నాలాగే తేదీతో అవస్థ పడే అక్కచెల్లెళ్లకు ఒక మాట. నోటితో అడిగితే కుదరదంటారు, రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఎలా రాయాలో 14448 నంబరుకు ఫోన్ చేస్తే చెబుతారు.

మళ్లీ మామిడి కాలం వస్తోంది. జూన్, జూలైల్లో బండి కంతు ఒకటిన్నర కడతాం, నవంబరు, డిసెంబరులో సగం కట్టనివ్వండి అని పోయిన నెల ఫైనాన్సు ఆఫీసులో రాసి ఇచ్చాను. పై ఆఫీసుకు పంపామన్నారు. రసీదు నా పుస్తకంలో అంటించి ఉంది. ఇంకా జవాబు రాలేదు.

వసూలుకు వచ్చేవాళ్లు మా వీధికి రోజూ వస్తారు కాబట్టి నా పేరు వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు.