దాతృత్వ కమిటీ వార్షిక నివేదిక, 2024–25

సంఘ సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు కమిటీ చేసిన పనులను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాం. ఈ కమిటీ ఎందుకుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మన చేతిలో ఉన్నదేదీ మనది కాదు, మనం గృహనిర్వాహకులం మాత్రమే అని ఏటా ఈ సభలోనే ఒప్పుకుంటాం. ఒప్పుకున్నాక కానుక కవరు బైబిల్లోనే ఉండిపోతుంది, అది వేరే సంగతి.

ఈ ఏడాది ముందుగా చెప్పుకోవలసింది పిడికెడు బియ్యం గురించే. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా దేవుని పేర ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయడం మన అమ్మమ్మలకు అలవాటు. తర్వాత నగదు కానుకలు వచ్చాయి, ఆ తర్వాత ఫోన్‌పే వచ్చింది, డబ్బాలు అటకెక్కాయి. 2024 జూన్‌లో స్త్రీల మైత్రి వాళ్లు పట్టుబట్టి మళ్లీ ఇంటింటికీ డబ్బాలిచ్చారు. "ఈ రోజుల్లో బియ్యం ఏంటండీ, డబ్బులిచ్చేస్తే పోలా?" అని కమిటీలోనే కొందరం నవ్వాం. ఆగస్టు చివరికి మందిరాన్ని ఆనుకుని ఉన్న వెస్ట్రీ గదిలో రెండు డ్రమ్ములు నిండాయి.

ఆగస్టు 31 రాత్రి కురిసిన వాన మీ అందరికీ గుర్తుంది. మర్నాడు సెప్టెంబరు 1, మొదటి ఆదివారం, ప్రభు భోజన సంస్కారం. మందిరం సగం కూడా నిండలేదు. కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్, బొక్కలగడ్డ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయని ఆరాధన మధ్యలోనే ఫోన్లు మొదలయ్యాయి. ఆశీర్వాదం అయిన వెంటనే పాస్టర్ అయ్యగారు "డ్రమ్ములు తెరవండి" అన్నారు. తీర్మానం లేదు, కోరం లేదు. ఆ రోజు ఎవరూ అడగలేదు కాబట్టి ఈ సభ ఇప్పుడు ఆమోదించాలి.

వంట చూసినవాళ్లకే తెలుసు ఆ అవస్థ. డ్రమ్ములో ఒక ఇంటి బియ్యం కాదు, ఊరందరివీ ఉన్నాయి. రేషన్ దొడ్డు బియ్యం, షాపులో కొన్న సన్నబియ్యం, పొలంలో పండిన కొత్త బియ్యం అన్నీ కలిసిపోయాయి. మొదటి గుండిగలో సన్నవి ముద్దయిపోయాయి, దొడ్డువి పలుకు విరగలేదు. మన వంట పెద్దమ్మ మూత తీసి, రెండు మెతుకులు నలిపి చూసి, "ఇది అన్నం కాదు, కిచిడీ చేద్దాం" అని అందులో ఉడికిన పెసరపప్పు, పసుపు, ఇంకో బిందె నీళ్లు పోయించింది. రెండో గుండిగ నుంచి బియ్యం ముందే నానబెట్టారు. గాడిపొయ్యిలోకి జల్లు కొడుతుంటే ఇద్దరు రేకు పట్టుకుని నిలబడ్డారు. సాయంత్రానికి పొట్లాలు ఆటోలెక్కాయి. ఆ తర్వాత బురద ఎత్తే పని మొదలైంది. ఇంట్లో మోకాలి లోతు బురద ఉన్నవాళ్లకు అన్నం కంటే ముందు చీపురు, పార, బకెట్టు కావాలని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

పొట్లాల్లో కరపత్రాలు పెడదామని ఒక మాట వచ్చింది. కమిటీ వద్దంది. ఆకలితో ఉన్న మనిషి చేతిలో అన్నంతో పాటు షరతు కూడా పెట్టినట్టుంటుంది. ఈ విషయంలో ఒకరిద్దరికి ఇంకా కోపం ఉందని తెలుసు. ఉండనివ్వండి.

అదే వానలో ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణానికి తెగించి ఒడ్డుకు చేర్చాడు. అతను మన మందిరం మనిషి కాదు. ఔదార్యం అంటే మన సొత్తేనని అనుకునే అలవాటు మనకుంది కాబట్టి ఈ నివేదికలో రాస్తున్నాను.

డబ్బాల విషయంలో ఒక బాధ కూడా చెప్పాలి. కొన్ని డబ్బాల్లో పురుగు పట్టిన బియ్యం వచ్చాయి. వర్షాకాలం, నిల్వ ఉంటే పడుతుంది, కాదనను. కానీ కొన్ని చూస్తే ఇంట్లో వండుకోవడానికి పనికిరానివే ఇక్కడికి వచ్చాయని తెలిసిపోతోంది. కుంటి గొర్రెను, గుడ్డి గొర్రెను బలిపీఠం దగ్గరికి తోలుకొచ్చినవాళ్లను మలాకీ ప్రవక్త ఎంత మాటన్నాడో మీరే చదువుకోండి.

మే నెలలో నాలుగు ఆదివారాలు గృహనిర్వాహకత్వం మీద బోధ జరిగింది. దోర్నకల్‌కు 1912లో బిషప్ అయిన అజరయ్య గారు, విదేశీ మిషన్ డబ్బు మీద కాకుండా ఇక్కడి కూలి జనం కానుకల మీద సంఘం నిలబడాలని పట్టుబట్టిన సంగతి మొదటి వారం చెప్పుకున్నాం. 1939లో ప్రతిష్ఠ అయిన దోర్నకల్ కెథడ్రల్‌ను మన యువకుల్లో చాలామంది రైలు కిటికీలోంచి తప్ప చూడలేదట. ఒకసారి తీసుకెళ్లాలి.

మూడో వారం చర్చ కాస్త వేడెక్కింది. యూట్యూబ్‌లో "విత్తనం వేయండి, నూరంతలు కోస్తారు" అనే బోధకులకు మనవాళ్లు నెలనెలా డబ్బు పంపుతున్నారు. అది కానుక కాదు, చిట్టీ. తిమోతికి రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు ధనవంతులకు చెప్పమన్నది వేరు. అస్థిరమైన ధనాన్ని నమ్ముకోవద్దు, ధారాళంగా పంచండి, వాస్తవమైన జీవాన్ని చేపట్టండి అన్నాడు. నిత్యజీవం ఎవరూ కానుకలిచ్చి కొనుక్కునేది కాదు, అది ఊరికే ఇచ్చిన వరం. రేపటి సంగతి దేవుడు చూసుకున్నాడని నమ్మినవాడు ఇవాళ పిడికిలి బిగించుకుని కూర్చోడు. అంతకంటే ఎక్కువ లెక్కలు వేస్తే మళ్లీ చిట్టీయే అవుతుంది.

భూమ్మీద దాచుకున్న ధనాన్ని చిమ్మెట, తుప్పు తినేస్తాయని ప్రభువు చెప్పినదానికి ఈ ఏడాది ఒక రుజువు కూడా దొరికింది. కానుక సంచిలో రెండు వేల నోట్లు వచ్చాయి. 2023 అక్టోబరు నుంచి వాటిని బ్యాంకులు తీసుకోవడం లేదు. హైదరాబాద్ సైఫాబాద్‌లోని రిజర్వ్ బ్యాంకు ఆఫీసుకు పంపి మార్పించాల్సి వచ్చింది. వేసినవారెవరో అడగం. బీరువాలో ఇంకా ఉంటే మాత్రం, దయచేసి మీరే మార్చి వేయండి.

ఉద్యోగస్తులు కొందరు ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు అడుగుతున్నారు. మందిరానికి ఇచ్చే కానుకకు ఆ మినహాయింపు లేదు. మామూలు రసీదు ఎప్పుడడిగినా ఇస్తాం.

కోత పండుగ ఫిబ్రవరిలో జరిగింది. మిర్చి ధర పడిపోయి రైతు కుటుంబాలన్నీ టెన్షన్‌లో ఉన్న సమయం. కానుకగా వచ్చిన పంటను వేసే వేలం ఈసారి వద్దనుకున్నాం కూడా. అయినా తొలి కోత తేజ మిర్చి బస్తాలు వచ్చాయి, కోళ్లు, గుడ్లు, గుమ్మడికాయలు వచ్చాయి. ఒక గుమ్మడికాయను పాడినవాళ్లు పాడినట్టే తిరిగి వేలానికి పెడుతుంటే చివరికి అది ఎవరింటికి చేరిందో నాకు తెలియదు. వచ్చిన సొమ్ము వితంతు నిధికి, పిల్లల ఫీజులకు జమ అయింది.

సమాధుల తోట ప్రహరీ పని అంగుళం కూడా ముందుకు కదల్లేదు. హద్దులు కొలవాలని సంబంధిత కార్యాలయంలో అర్జీ ఇచ్చి ఏడాది దాటింది. సోమవారం రమ్మంటారు, సోమవారం వెళితే సార్ మీటింగులో ఉన్నారంటారు. ఈలోగా పక్క పొలం గట్టు మెల్లగా మనవైపు జరుగుతోంది. ఆఫీసుల సంగతి అలా ఉంచితే, మొక్కలు కొట్టి శుభ్రం చేద్దామని గ్రూపులో పెడితే ముప్పై బొటనవేళ్లు వచ్చాయి. శనివారం పొద్దున కత్తి పట్టుకుని వచ్చింది అయ్యగారు, ఇద్దరు ముసలివాళ్లు, నేను. యువజన సంఘం వారు ఆ రోజు క్రికెట్ టోర్నమెంట్‌లో ఉన్నారని తర్వాత స్టేటస్‌లో చూశాం. కప్పు గెలిచినందుకు అభినందనలు.

లెక్కలు కోశాధికారి గారు చదువుతారు. ఆడిట్ అయింది, నోటీసు బోర్డుకు అంటించాం. వరద ఖర్చు వల్ల నిల్వ నిరుటి కంటే తగ్గింది. కవర్లు తీసుకున్న కుటుంబాల్లో సగానికి పైగా తిరిగి ఇవ్వలేదు. పేర్లు చదవమని కొందరు పెద్దలు అన్నారు కానీ, సణుగుకుంటూ ఇచ్చే కానుక మనకెందుకని ఊరుకున్నాం.

కృతజ్ఞతలు చెప్పుకోవలసినవాళ్లు చాలామంది ఉన్నారు. అయ్యగారికి, వరద రోజుల్లో తమ వంటిల్లు మాకు అప్పగించిన అమ్మగారికి, స్త్రీల మైత్రి అక్కలందరికీ, గుండిగలకు అద్దె తీసుకోని టెంట్‌హౌస్ తమ్ముడికి, డీజిల్ డబ్బులు కూడా వద్దన్న ముస్లిం ఆటో సోదరులకు, పెసరపప్పు అప్పుగా ఇచ్చి ఇప్పటికీ గుర్తు చేయని కిరాణా కొట్టు షావుకారు గారికి (ఆ బాకీ ఈ నెలలో తీర్చేయాలి), పొట్లాలు కట్టిన ఆదివారపు బడి పిల్లలకు, విదేశాల నుంచి పేరు రాయొద్దని డబ్బు పంపిన మన బిడ్డలకు వందనాలు. పేరు మరిచిపోయినవాళ్లు నొచ్చుకోకండి.

కొత్త కమిటీకి ఈ రోజే పేర్లు ఇవ్వాలి. వంటకు, మోతకు, సమాధుల తోటకు వేరువేరు కాగితాలు వెనక బల్ల మీద ఉన్నాయి. బియ్యం డబ్బా లేని ఇళ్లవాళ్లు భోజనాలయ్యాక వెస్ట్రీ దగ్గర తీసుకోండి. ఈసారి మూత బిగుతుగా ఉండేవి తెప్పించాం. దొడ్డు బియ్యం వేసేవాళ్లకు ఎర్ర మూత, సన్నబియ్యానికి తెల్ల మూత.

సభ ఆమోదం కోసం సమర్పిస్తూ,
కార్యదర్శి, దాతృత్వ కమిటీ