టీబీ కాదని తేలాక ఇంకేమిటో వెతకాలి కదా!

సంపాదకుల వారికి,

కిడ్నీ మార్పిడి రోగి ఊపిరితిత్తుల జబ్బు టీబీ కాదని, నొకార్డియా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చిందని ఆలస్యంగా తేలడంపై గత వారం మీరు వేసిన వార్త, దానికి అధికారుల వివరణ చదివాను. అరుదైన జబ్బు కాబట్టి ఆలస్యమైందట. ఒప్పుకోను. నొకార్డియా అరుదే. కానీ దాన్ని అనుమానించడానికి మైక్రోస్కోపు, బ్యాక్టీరియా కనిపించేలా అద్దే గ్రామ్ స్టెయిన్ రంగులు, బ్యాక్టీరియాను పెంచే బ్లడ్ అగర్ ప్లేటు చాలు. ఇవి లేని జిల్లా ల్యాబ్ ఉందా?

కళ్లెను గ్రామ్ స్టెయిన్ చేస్తే పూసలు గుచ్చినట్టు సన్నటి పోగులు, కొమ్మలు చీలి కనిపిస్తాయి. అప్పుడు మరో స్లైడు వేసి, టీబీ పరీక్షలోలాగే ఎర్రరంగు పట్టించి, టీబీకి వాడే 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కాకుండా 1 శాతం ఆమ్లంతో కడగాలి. గాఢమైన ఆమ్లంతో కడిగితే ఎర్రరంగు పోయి నెగెటివ్‌గా కనిపిస్తుంది. కల్చర్ దగ్గర, అంటే నమూనాలోని క్రిములను ప్లేటు మీద పెంచి చూసే పరీక్ష దగ్గర, ఇంకా అన్యాయం. మామూలు ప్లేటును 48 గంటలకే పారేస్తారు. నొకార్డియా కాలనీ కంటికి ఆనాలంటే తరచు 3 నుంచి 5 రోజులు, ఒక్కోసారి 2, 3 వారాలు పడుతుంది. టీబీ కల్చర్ కోసం సోడియం హైడ్రాక్సైడ్‌తో శుద్ధి చేసిన కళ్లెలోనైతే అది చాలావరకు చచ్చిపోతుంది. కాబట్టి శుద్ధి చేయని నమూనా వేరుగా పెట్టాలి. ఇదంతా జరగాలంటే డాక్టరు ఫారం మీద 'నొకార్డియా అనుమానం, 3 వారాలు ఉంచండి' అని రాయాలి. ఆ గడి ఎప్పుడు చూసినా ఖాళీ! రోగనిరోధక శక్తిని తగ్గించే స్టెరాయిడ్లు రోగి వాడుతున్నాడో లేదో కూడా రాయరు.

టీబీని పట్టే జన్యు పరీక్ష సీబీనాట్ నెగెటివ్ వచ్చినా ఎక్స్‌రే చూసి టీబీ మందులు మొదలుపెడతారు. వాటిలోని రిఫాంపిసిన్ వల్ల పెట్టిన కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ మందు మోతాదు రక్తంలో పడిపోతుంది, ఆ కిడ్నీకే ముప్పొస్తుంది. అసలు జబ్బు ఈలోగా మెదడుకు పాకవచ్చు. అందుకే నొకార్డియా తేలితే తలనొప్పి లేకున్నా మెదడు ఎంఆర్‌ఐ తీయించాలి. నొకార్డియాకు వాడే కోట్రిమాక్సజోల్ చవకైన మందే, అయితే ఇలాంటి రోగులకు కనీసం 6 నెలలు, మెదడులో ఉంటే ఏడాది వాడాలి. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపేది), పొటాషియం చూస్తూ ఉండాలి.

యంత్రాల ప్రారంభోత్సవానికి అందరూ వస్తారు. పరీక్షలకు వాడే రసాయనాలు (రియేజెంట్లు) అయిపోయినా, మైక్రోబయాలజిస్టు పోస్టు ఖాళీగా ఉన్నా అడిగే నాథుడు లేడు. మరోపక్క మోకాళ్ల నొప్పులకు చీటీ లేకుండానే స్టెరాయిడ్లు అమ్ముతున్నారు. ఇలాంటి జబ్బులకు అదీ ఒక దారి. ఔషధ తనిఖీ అధికారులకు ఇది కనిపించదా?

వివరణ ఇచ్చిన అధికారులు ఒక్క విషయం చెప్పాలి: మన జిల్లా ల్యాబ్‌లో రోగనిరోధక శక్తి తగ్గినవారి కల్చర్ ప్లేట్లను ఎన్ని రోజులు ఉంచుతున్నారు?

– ఒక పాఠకుడు