మాస్క్ దగ్గర ఆగిపోయేవాళ్లకి ఇంకొంచెం టైం ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ల కిందికి దిగడం) గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి, రాసినవాళ్లు ఇష్టంగా రాశారని తెలుస్తూనే ఉంది. కానీ మూడు నాలుగు రోజుల్లో ఎవరైనా నేర్చేసుకోవచ్చు అన్న మాట గురించి ఈ ఉత్తరం రాయాలనిపించింది. చాలామంది అలా నేర్చుకుంటారు, కాదనను. నేర్చుకోలేక మధ్యలో ఆగిపోయేవాళ్లూ ఉంటారు, వాళ్ల గురించి మాత్రం ఎవరూ రాయరు. కళ్లనీ ముక్కునీ కప్పే మాస్క్‌లో నీళ్లు నింపి ఖాళీ చేయమంటే ఊపిరాడనట్టయి పైకి లేచిపోయేవాళ్లు, చెవి నొప్పితో రెండు మీటర్లు కూడా దిగలేనివాళ్లు, నీళ్లలో నిలకడగా ఉండలేక ఓసారి అడుక్కి, ఓసారి పైకి పోతూ ఉండేవాళ్లు. నేనూ అలా ఆగిపోయినదాన్నే. "అందరికీ వచ్చేది నాకెందుకు రావట్లేదు" అన్న ప్రశ్న మనిషిని ఎంత కుంగదీస్తుందో నాకు తెలుసు, అందుకే చెప్తున్నాను.

ముందు మాస్క్ సంగతి. చూసేవాళ్లకి ఇది చాలా చిన్న పని. మాస్క్ పైఅంచుని వేళ్లతో నుదుటికి నొక్కిపెట్టి, తల కొంచెం పైకెత్తి ముక్కుతో గాలి వదిలితే, ఆ గాలి మాస్క్ పైభాగంలో చేరి నీళ్లని కింది అంచు నుంచి బయటికి తోసేస్తుంది. అంతే. కానీ నోటితో పీల్చి ముక్కుతో వదలడం మనకి మామూలుగా ఉన్న అలవాటు కాదు. పైగా ముక్కులోకి నీళ్లు రాగానే ఊపిరి బిగబట్టడం శరీరం తనంతట తాను చేసేస్తుంది, మనం మునిగిపోకుండా కాపాడటానికి ఉన్న ఏర్పాటు అది. దాంతో ఏమవుతుందంటే, నోట్లో రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) ఉండి, సిలిండర్ నిండా గాలి ఉండి కూడా, గొంతు పట్టేసినట్టయి గాలి రావట్లేదనిపిస్తుంది. ఏమీ కనపడదు. ఎలాగైనా పైకి పోవాలి అన్న ఒక్క ఆలోచన తప్ప బుర్రలో ఇంకేమీ ఉండదు. దీన్ని పిరికితనం అనేవాళ్లని చూశాను, అది చాలా అన్యాయమైన మాట. శరీరం తన పని తాను చేస్తోంది, దానికి కొత్త పని నేర్పాలంటే టైం పడుతుంది, కొందరికి గంట పడితే కొందరికి వారాలు పడుతుంది.

ఈత వచ్చినవాళ్లకి ఇదంతా తేలిక అని కూడా అనుకుంటారు. నాకు చిన్నప్పటి నుంచీ ఈత వచ్చు. కోర్సులో అడిగే 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు నీళ్లపై తేలడం నాకు కష్టమే అనిపించలేదు. కానీ ఈతలో మనకి తెలియకుండానే ఊపిరి కాసేపు ఆపి వదులుతుంటాం, స్కూబాలో మొట్టమొదటి నియమమే ఊపిరి ఎప్పుడూ ఆపకూడదని. కాబట్టి ఈత బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ తడబడవచ్చు. ఈత వచ్చి కూడా ఇది రాలేదంటే సిగ్గు ఇంకా ఎక్కువగా ఉంటుంది, చెప్పుకోవడానికి కూడా మొహమాటపడతారు.

నేను మొదట చేరిన చోట ఇన్‌స్ట్రక్టర్ చెడ్డవాడేం కాదు, ఓపికగానే మాట్లాడేవాడు. కానీ గ్రూపులో మిగతావాళ్లు ముందుకెళ్లిపోతున్నారు, పడవ టైం దగ్గర పడుతోంది. "పర్వాలేదు మేడమ్, సముద్రంలోకి వెళ్తే అదే వచ్చేస్తుంది" అన్నాడు. నేను వెళ్లనన్నాను. పూల్‌లో రానిది సముద్రంలో ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అక్కడ నీళ్లు చల్లగా ఉండొచ్చు, అల ఉంటుంది, కాలికింద నేల అందదు, అన్నీ పూల్ కన్నా కష్టంగానే ఉంటాయి కదా.

తర్వాత ఇంకో చోట ఇంకో ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ నాకు సిలిండర్ ఇవ్వనేలేదు. ఛాతీ లోతు నీళ్లలో నిలబెట్టి, మాస్క్ తీసేయించి, నోట్లో స్నార్కెల్ (కొస నీటిపైన ఉండే గాలి గొట్టం) ఒక్కటే ఇచ్చి, ముఖం నీళ్లలో పెట్టి ఊపిరి తీసుకుంటూ ఉండమన్నారు. ముందు ముక్కు వేళ్లతో మూసుకుని, తర్వాత పట్టు కొంచెం వదులు చేస్తూ, తర్వాత పూర్తిగా వదిలేసి. ఎప్పుడు ఇబ్బంది అనిపిస్తే అప్పుడు నిలబడిపోవచ్చు, ఎవరూ చూడట్లేదు, ఎవరూ ఎదురుచూడట్లేదు. ముఖం నీళ్లలో ఉన్నా నోటితో గాలి వస్తుందని తలకి కాదు, శరీరానికి అర్థం కావాలి, అది మాటలతో చెప్తే అర్థమయ్యేది కాదు. ఆ తర్వాత మాస్క్ పెట్టుకుని ముక్కు కిందిదాకా మాత్రమే నీళ్లు రానివ్వడం, తర్వాత కళ్లదాకా, తర్వాత నిండుగా. చివరికి మాస్క్ లేకుండా నీళ్ల కింద నిమిషం పైగా ఊపిరి తీసుకుంటూ కూర్చోగలిగాను. అప్పుడు కలిగిన సంతోషం తర్వాత చూసిన చేపలకీ పగడపు దిబ్బలకీ ఏమాత్రం తక్కువ కాదు.

మాస్క్ కూడా ముఖానికి సరిపోవాలి, ఇది చాలామంది పట్టించుకోరు. అద్దెకిచ్చే మాస్క్ అంచు కింద ఒక్క వెంట్రుక పాయ ఇరుక్కున్నా నీళ్లు కారుతూనే ఉంటాయి, నేర్చుకునేవాళ్లు అది తమ తప్పనుకుంటారు. పట్టీ తలకి తగిలించుకోకుండా మాస్క్‌ని ముఖానికి ఆనించి ముక్కుతో కొంచెం గాలి పీల్చితే అది అతుక్కుని నిలబడాలి. నిలబడకపోతే ఇంకొకటి అడగండి.

రెగ్యులేటర్ తీసి మళ్లీ పెట్టుకోవడం నాకంత కష్టం కాలేదు, చాలామందికి కాదు కూడా. నోట్లోంచి తీసినంతసేపూ సన్నగా బుడగలు వదులుతూ ఉండాలి, పెట్టుకున్నాక ఒకసారి గట్టిగా ఊది లోపలి నీళ్లు పోగొట్టాలి, ఊదడానికి గాలి లేకపోతే రెగ్యులేటర్ మీద ఉండే పర్జ్ బటన్ నొక్కితే సిలిండర్ గాలే ఆ నీళ్లని తోసేస్తుంది.

చెవుల గురించి మాత్రం కొంచెం చెప్పాలి. ఎక్కువ లోతుకి పోతేనే చెవులకి ఇబ్బంది అనుకుంటారు, నిజానికి కష్టమంతా పైనే ఉంది. నీటి మట్టం దగ్గర ఉన్న ఒత్తిడి 10 మీటర్లు దిగేసరికి రెండింతలవుతుంది, మళ్లీ రెండింతలు కావాలంటే 30 మీటర్లు దిగాలి. అందుకే మొదటి కొన్ని మీటర్లలోనే చెవి ఎక్కువసార్లు సర్దుకోవాల్సి వస్తుంది. నొప్పి వచ్చాక ముక్కు మూసుకుని గట్టిగా ఊదితే పని జరగదు, ఒక్కోసారి చెవికి దెబ్బ తగులుతుంది. దిగడం మొదలుపెట్టకముందే ఒకసారి, తర్వాత ప్రతి అర మీటరుకీ, నొప్పి రాకముందే, ముక్కు మూసుకుని మెల్లగా ఊది చెవులు సర్దుకోవాలి. సర్దుకోకపోతే కాస్త పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. తల కిందికి పెట్టి దిగేకన్నా కాళ్లు కిందికి పెట్టి తాడు పట్టుకుని దిగితే చాలామందికి సులువుగా ఉంటుంది. జలుబు ఉన్నరోజు అసలు దిగకూడదు. గ్రూపులో ఒకరు చెవుల కోసం తాడు దగ్గర ఆగిపోతే మిగతావాళ్లు కింద ఎదురుచూస్తుంటారు, ఆ మొహమాటానికి నొప్పి ఓర్చుకుని దిగిపోయేవాళ్లున్నారు. దయచేసి అలా దిగకండి.

ఇక బయన్సీ. నా ఉద్దేశంలో స్కూబాలో అసలు విద్య ఇదే, మిగతావన్నీ దీని చుట్టూ ఉన్నవే. పైకి తేలకుండా, కిందికి మునగకుండా నీళ్లలో ఒకచోట నిలబడటం. కొత్తవాళ్లు ఇందులో తంటాలు పడటానికి ఎక్కువసార్లు కారణం వాళ్లు కాదు, వాళ్ల నడుముకి కట్టిన బరువు. కొత్తవాళ్లు కంగారులో ఊపిరితిత్తుల నిండా గాలి పెట్టుకుని ఉంటారు కాబట్టి త్వరగా మునగరు. వాళ్లు త్వరగా దిగడానికి ఇంకో రెండు కిలోలు తగిలిస్తారు. ఆ అదనపు బరువుని మోయడానికి బీసీడీలో (గాలి నింపడానికీ తీయడానికీ వీలుండే జాకెట్) అదనంగా గాలి నింపాలి. ఆ గాలి కొంచెం పైకి వస్తే వ్యాకోచిస్తుంది, కొంచెం దిగితే కుంచించుకుపోతుంది, ఎంత ఎక్కువ గాలి ఉంటే మనిషి అంత పైకీ కిందికీ ఊగిపోతాడు. పాపం ఆ మనిషేమో నాకు చేతకావట్లేదు అనుకుంటూ ఉంటాడు. ఒక చిన్న పరీక్షతో ఇది తేలిపోతుంది: బీసీడీ ఖాళీ చేసి, మామూలుగా గాలి పీల్చి కదలకుండా ఉంటే నీటి మట్టం కళ్ల దగ్గర ఉండాలి, గాలి వదిలితే మెల్లగా మునగాలి. సిలిండర్‌లో గాలి వాడేకొద్దీ అది తేలికవుతుంది కాబట్టి నిండు సిలిండర్‌తో చూస్తే కాస్త బరువు కలుపుకోవాలి. ఈ పరీక్ష చేయించకుండా బరువులు కట్టి దింపేస్తే ఎందుకలా అని అడగండి, అడిగే హక్కు మీకుంది.

ఇంకోటి, ఊపిరికి నీళ్లలో ఫలితం వెంటనే రాదు. గాలి పీల్చాక ఒకటి రెండు క్షణాలు ఆగితేగాని శరీరం పైకి లేవదు. కొత్తలో మనం ఆగకుండా వెంటనే బీసీడీలో గాలి నింపే బటన్ నొక్కేస్తాం, అప్పుడు పీల్చిన గాలీ నింపిన గాలీ రెండూ కలిసి ఒకేసారి పైకి లేపుతాయి, కంగారుపడి గాలంతా తీసేస్తాం, అడుక్కి పోతాం. కొత్తగా సైకిల్ తొక్కేవాళ్లు హ్యాండిల్ అటూ ఇటూ మరీ ఎక్కువగా తిప్పేసినట్టు. దీనికి చిట్కాలేం లేవు, నీళ్లలో గడిపే టైం ఒక్కటే మందు. అందుకే నాకు మోకాళ్ల మీద కూర్చోబెట్టి అన్నీ నేర్పే పద్ధతి నచ్చదు. అది నేర్పేవాళ్లకి సులువు, అందరూ ఒక వరసలో ఉంటారు, నిజమే. కానీ సముద్రంలో మోకాళ్లు ఆన్చడానికి నేల ఉండదు, ఉన్నా అక్కడ పగడాలుంటాయి, తగిలితే విరిగిపోతాయి. తేలుతూ మాస్క్ ఖాళీ చేయడం వచ్చినప్పుడే అది వచ్చినట్టు.

ఈ ప్రాథమిక పనులకి ఇంత పట్టుదల ఎందుకు, ఎలాగోలా ఒకసారి చేసి చూపిస్తే సరిపోదా అని అనేవాళ్లుంటారు. సరిపోదు. నీళ్ల కింద ముందు వెళ్తున్నవాళ్ల ఫిన్ (కాళ్లకి తొడుక్కునే రెక్క) తగిలి మాస్క్ జారిపోవడం అరుదైన విషయం కాదు. ఆ సమయంలో కంగారుపడి, ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తే ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచించి వాటిని చీల్చేయగలదు. దీనికి ఎంతో లోతు అక్కర్లేదు, నాలుగైదు అడుగుల నుంచి కూడా జరగొచ్చు. మాస్క్ అనేది కోర్సులో టిక్కు పెట్టుకునే ఒక గడి కాదు, ప్రాణానికి సంబంధించినది.

మీ పాఠకులకి తెలియాల్సిన ఒక ముఖ్యమైన విషయం ఏమిటంటే, కోర్సు రోజుల లెక్కన పూర్తయ్యేది కాదు. పాడి (PADI) లాంటి డైవింగ్ శిక్షణ సంస్థల నియమాల ప్రకారం, కొత్తవాళ్లు చేసే ఓపెన్ వాటర్ కోర్సులో ప్రతి పనినీ తడబాటు లేకుండా, మళ్లీ మళ్లీ చేయగలిగితేనే ముందుకు పంపాలి. ఇన్ని రోజులు వచ్చారు కాబట్టి కోర్సు పూర్తయిందని కార్డు ఇచ్చేయాలని ఎక్కడా లేదు. సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్ కింద ఎనిమిది మంది దాకా నేర్చుకోవచ్చని నియమం ఉంది, అది గరిష్ఠ సంఖ్య, అంతమందిని తీసుకుని తీరాలని కాదు. ఎనిమిది మందిలో ఒకరు మాస్క్ దగ్గర ఆగితే ఇన్‌స్ట్రక్టర్ మాత్రం ఏం చేస్తారు? చిన్న గ్రూపులు పెట్టడం, ఆగిపోయినవాళ్లకి విడిగా ఇంకో పూటో రెండు పూటలో పూల్‌లో టైం ఇవ్వడం, ఆ మాట చేరేముందే స్పష్టంగా చెప్పడం నేర్పేచోట్ల బాధ్యత. నేర్చుకునేవాళ్లు కూడా చేరేముందే అడగాలి: నాకు రాకపోతే ఏం చేస్తారు అని. దానికి తిన్నగా జవాబు చెప్పలేని చోట చేరకపోవడమే మంచిది.

పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులకి ఇది మరీ ముఖ్యం. 10 ఏళ్ల నుంచే చేర్చుకుంటారు, ఆ వయసువాళ్లని 12 మీటర్ల కన్నా లోతుకి తీసుకెళ్లకూడదన్న పరిమితి కూడా ఉంది. కానీ పిల్లలు భయమేస్తోందని చెప్పరు, అమ్మానాన్నలు చూస్తున్నారని తల ఊపేస్తారు. ఒడ్డున నిలబడి "ఏం కాదు, దూకేయ్" అనే బదులు ఈరోజు చాలా అని అడగండి. బొటనవేలు పైకెత్తి చూపితే డైవ్ అక్కడితో ఆపి పైకి రావాలని అర్థం, ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా ఆ సైగ చేయొచ్చు, దాన్ని ఎవరూ ప్రశ్నించకూడదు. పిల్లలకి మిగతా సైగలన్నిటికన్నా ముందు ఇది నేర్పాలని నా అభిప్రాయం.

ఎంత టైం ఇచ్చినా కొందరికి ఇది సరిపడకపోవచ్చు. ఆరోగ్య ప్రశ్నాపత్రంలో ఉబ్బసం లాంటివి దాచిపెట్టి దిగేకన్నా, నాకిది వద్దు అని బయటికి రావడం చాలా మంచి నిర్ణయం. అలా వచ్చినవాళ్లని ఎవరూ తక్కువ చేసి మాట్లాడకూడదు.

ఎడిటర్ గారూ, మీరు ఈ విషయం మీద మళ్లీ రాస్తే, రాయాలనే కోరుకుంటున్నాను, తేలిగ్గా నేర్చుకున్నవాళ్లతో పాటు ఆగి ఆగి నేర్చుకున్నవాళ్లతో కూడా మాట్లాడించండి. రోజులెన్ని, ఖర్చెంత అన్న పెట్టె పక్కనే, గ్రూపులో ఎంతమంది ఉంటారు, రానివాళ్లకి అదనంగా పూల్ టైం ఇస్తారా అన్న రెండు ప్రశ్నలు కూడా వేయండి. చేరబోయేవాళ్లు అవి చూసి ఫోన్ చేసి అడుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు