జీపులో కంప్రెసర్ కుదిరింది, చేయి వేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

ఈ మాటలు మూడు నెలల కిందటే రాయాల్సింది. జీపులో టైర్లకు గాలి నింపే కంప్రెసర్ బిగించిన పని నిలబడుతుందో లేదో చూసుకుని రాద్దామని ఆగాను. నిలబడింది. వారంలో నాలుగైదు రోజులు వాడుతున్నాను. ఒక్క నట్టు వదులు కాలేదు, ఒక్క వైరు వేడెక్కలేదు. అందుకే ఇవాళ కూర్చున్నాను.

మాది విడవలూరు వైపు. రొయ్యల చెరువులకు మేత, మందులు, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల సామాను చేరవేయడం నా పని. బకింగ్‌హామ్ కాలువ దాటి సముద్రం వైపు తిరిగితే సరుగుడు తోటల మధ్య అన్నీ ఇసుక దారులే. నాలుగు చక్రాలూ లాగే పాత డీజిల్ జీపు ఉంది కాబట్టి వెళ్ళగలుగుతున్నాను. అయినా టైర్లలో గాలి తగ్గించకపోతే ఆ ఇసుకలో జీపు కూడా పొట్ట ఆనించి కూర్చుంటుంది. తారు రోడ్డు మీద నేను గాలి ఒత్తిడి 32 పీఎస్ఐ పెడతాను. ఇసుకలోకి దిగే ముందు 18కి దించుతాను. గాలి తగ్గితే టైరు నేలకు ఆనే చోటు పొడవుగా సాగుతుంది, బరువు పరుచుకుంటుంది, చక్రం ఇసుకను తవ్వుకోకుండా దాని మీద నడుస్తుంది. మళ్ళీ తారెక్కాక మాత్రం గాలి నింపి తీరాలి. 18తో వేగంగా పోతే టైరు పక్కలు నలుగుతూ వేడెక్కి, చివరికి పగిలిపోవచ్చు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ కుండపోత మా నెల్లూరు జిల్లాలోనూ కురిసింది. ఆ రోజుల్లో ఒకసారి గాలి తగ్గిన టైర్లతో పంచరు షాపు దాకా నడక వేగంతో వచ్చాను. షాపు మూసి ఉంది. బండిలోనే కంప్రెసర్ ఉండాలని అప్పుడే అనుకున్నాను. డబ్బులు కూడబెట్టి కొనడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

కొన్నది రెండు సిలిండర్ల 12 వోల్టుల మిషన్. దాని మీది పట్టీలో గరిష్ఠంగా 45 ఆంపియర్ల కరెంటు లాగుతుందని ఉంది. ఆ అంకె ఎంత పెద్దదో నాకు తెలియదు. ఒక షాపులో బిగించి ఇచ్చారు. వెనక నేల రేకులోకి నాలుగు స్క్రూలు దించారు. బానెట్ కింది బ్యాటరీ నుంచి అక్కడి దాకా సన్న వైరు లాగారు. ఇంజనుకూ డ్రైవరు కాళ్ళకూ మధ్య ఉండే రేకుకు బెజ్జం చేసి వైరును అలాగే దూర్చారు. ఫ్యూజ్ లేదు. స్విచ్చు వేస్తే గాలి వస్తోంది కదా అని నేనూ సంతోషంగా తెచ్చుకున్నాను.

కార్తీక మాసంలో ఒక రాత్రి ఒంటిగంటకు ఫోన్ వచ్చింది. ఒక చెరువులో ఏరియేటర్ మోటారు కాలిపోయింది. తెల్లవారుజామున చెరువు నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళకు ఏరియేటర్లు తిరగకపోతే రొయ్యలు పైకి తేలతాయి, పంటంతా పోతుంది. మోటారు వేసుకుని వెళ్ళాను, దించాను, వాళ్ళు బిగించుకున్నారు. తిరిగొస్తూ కాలువ వంతెన దగ్గర తారు మొదలయ్యే చోట ఆపి గాలి నింపడం మొదలుపెట్టాను. రెండు టైర్లు అయ్యాయి. మూడో టైరు మధ్యలో ఉండగా డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చింది. స్విచ్చు కట్టేశాను. పొగ ఆగలేదు. కాసేపటికి మంట కనిపించింది.

ఆ వేళకు చేపల వేటకెళ్ళే పట్టపుపాళెం అన్నదమ్ములు ఇద్దరు పడవ దగ్గరికి వెళ్తున్నారు. నేను తాగే నీళ్ళ డబ్బా ఎత్తాను. చిన్నవాడు చేయి పట్టుకుని ఆపాడు. "నీళ్ళు పొయ్యొద్దన్నా, ముందు బ్యాటరీ ఊడదీయి" అన్నాడు. నాకు చేతులు ఆడటం లేదు. వాడే బానెట్ ఎత్తి, చేతికి గుడ్డ చుట్టుకుని, కటింగ్ ప్లేయరుతో టెర్మినల్ నట్టు తిప్పి లాగేశాడు. ఆ ఒక్క పనితో వైరు ఎర్రబడటం ఆగింది. పెద్దవాడు కాళ్ళ కింది ఇసుకనే దోసిళ్ళతో మంట మీద పోశాడు. ఈలోగా వాళ్ళ అవ్వ ఇంటి ముందు నుంచి తడి గోనెపట్టా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కాళ్ళ దగ్గరి మ్యాటు కాలింది, వైర్లు కొన్ని కాలాయి, జీపు మిగిలింది. వెనక ఇరవై లీటర్ల డీజిల్ క్యాను ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు టెన్షన్ వస్తుంది.

తమ్ముళ్ళూ, ఆ రోజు మీ వేట ఆలస్యమైంది. అయినా పాళెంలో ఆటో నడిపే అన్నను లేపి కాలుపంపు తెచ్చారు. మిగిలిన రెండు టైర్లకూ వంతులేసుకుని గాలి కొట్టారు. కాలిన వైరును కత్తిరించి, కొసలకు టేపు చుట్టి, బండి స్టార్టయ్యాకే కదిలారు. నేను ఇవ్వబోయిన డబ్బు ముట్టుకోలేదు. ఈ పోస్టు ముందుగా మీకోసమే.

మర్నాడు జీపును నెల్లూరు ఆటోనగర్‌లో లారీల కరెంటు పని చేసే బాబాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కంప్రెసర్ వైపు చూడనే లేదు. కాలిన వైరు ముక్క తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూశారు. "ఇది లైట్లు వెలిగించుకునే వైరు అబ్బయ్యా, దీంతో మోటారు తిప్పితే ఎట్టా?" అన్నారు. తర్వాత నాకోసం ఒక పూట పని మానుకుని మరీ చూపించారు. అంతే మందం ఉన్న 4 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైరును పోనూ రానూ నాలుగేసి మీటర్లు వేసి కంప్రెసర్ తిప్పారు. ఇంజను ఆన్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర మీటరు 13.8 వోల్టులు చూపింది. కంప్రెసర్ దగ్గర 12.1. మధ్యలో పోయిన 1.7 వోల్టులూ వైరులోనే వేడిగా మారుతున్నాయి. చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా మొదలై, కాసేపటికి పట్టుకోలేనంత అయింది. ఆ తర్వాత 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేశారు. అప్పుడు కంప్రెసర్ దగ్గర 13.4 వచ్చింది. మోటారు చప్పుడే మారిపోయింది. అంతకుముందు అది మూలుగుతూ తిరిగేదని నాకు ఆ క్షణం దాకా తెలియలేదు.

మంట ఎలా పుట్టిందో కూడా ఆయనే విడమరిచి చెప్పారు. సన్న వైరు వేడెక్కితే పైతొడుగు మెత్తబడుతుంది. రేకు బెజ్జం అంచు కత్తిలా ఉంటుంది, ఇసుక దారుల కుదుపుకు వైరు దాని మీద రాపిడి పడుతూ ఉంటుంది. తొడుగు తెగి రాగి రేకుకు తగలగానే బ్యాటరీ బలమంతా ఆ ఒక్క చోట పడుతుంది. స్విచ్చు దాని తర్వాత ఉంది కాబట్టి కట్టేసినా లాభం లేదు. బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ ఉంటే అది ఎగిరిపోయి కథ అక్కడితో ముగిసేది. "ఫ్యూజ్ కంప్రెసర్ కోసం కాదు, వైరు కోసం. అందుకే బ్యాటరీకి ఆనుకుని ఉండాలి" అని చెప్పి, ప్లస్ టెర్మినల్‌కు జానెడు లోపలే 60 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టారు. రేకు బెజ్జం అంచు వైరును కోయకుండా రబ్బరు గ్రామెట్ వేశారు. ఎర్త్ వైరును తుప్పు పట్టిన బాడీ బోల్టుకు కట్టకుండా నేరుగా బ్యాటరీ మైనస్‌కు తెచ్చారు. డ్యాష్‌బోర్డు స్విచ్చు ఇప్పుడు రిలే అనే ఇంకో పెద్ద స్విచ్చును మాత్రమే కదిలిస్తుంది. పెద్ద కరెంటంతా రిలే గుండా పోతుంది, నా వేళ్ళ దగ్గరికి రాదు. ఇంజను ఆన్‌లో లేకపోతే కంప్రెసర్ తిరగకుండా కూడా కలిపారు. నలభై ఏళ్ళ అనుభవం నాకు ఒక్క పూటలో ఇచ్చారు బాబాయ్. మీకు పాదాభివందనం.

ఎక్కడ పెట్టాలన్న దాని మీద మాత్రం చాలాసేపు చర్చ జరిగింది. బానెట్ కింద పెడితే వైరు పొట్టిగా సరిపోతుంది, కానీ అక్కడ ఇంజను వేడి. గాలిని నొక్కేటప్పుడు కంప్రెసర్ తల తనంతట తానే కాలిపోతూ ఉంటుంది, దానికి ఇంజను వేడి కూడా తోడైతే వేడికి ఆగిపోయే కట్-ఆఫ్ మాటిమాటికీ పడుతుంది. పైగా వానాకాలం గుంటల్లో నీళ్ళు చిమ్ముతాయి. సీటు కింద పెడితే నీళ్ళ భయం లేదు, గాలాడదు. చివరికి వెనక ఎడమ చక్రం మీద రేకు ఉబ్బు ఉంది చూడండి, దాని వెనకాల ఉన్న జానాబెత్తెడు ఖాళీ కుదిరింది. నేలకు ఎత్తుగా, మూడు వైపులా గాలాడేలా, వెనక డోరు తీయగానే చేతికందేలా ఉంది.

పాత స్క్రూలు తీసేటప్పుడు వెల్డింగ్ షాపు తమ్ముడు జీపు కిందికి దూరి నన్నూ పిలిచాడు. ఒక స్క్రూ మొన బ్రేకు గొట్టానికి వేలెడు దూరంలో ఉంది. నేల రేకుకు బెజ్జం వేసే ముందు కింద ఏముందో చూడాలి. బ్రేకు గొట్టం, డీజిల్ ట్యాంకు, వైర్లు అన్నీ అక్కడే ఉంటాయి. ఈ ఒక్క విషయం మాత్రం జీపులున్న ప్రతి ఒక్కరూ గుర్తు పెట్టుకోమని వేడుకుంటున్నాను. ఆ తమ్ముడు 3 మిల్లీమీటర్ల ఇనప పలక కోసి, నాలుగు మూలలా రబ్బరు బుష్‌లు పెట్టి, రేకు కింద వెడల్పాటి వాషర్లు వేసి, వదులుకాని నైలాక్ నట్లతో బిగించాడు. కంప్రెసర్ అంటే ఏడు కిలోల ఇనుము. సడన్ బ్రేకు వేస్తే ఊడొచ్చి తలకు తగలకూడదు. పలకకు తుప్పు పట్టకుండా రెండు పూతలు రెడాక్సైడ్ వేసి, ఆరాక మళ్ళీ పెయింటు కూడా వేశాడు.

ఒంగోలు నుంచి సలహా ఇచ్చిన అన్న ఒకరున్నారు, ఆయన్ను నేను ఇప్పటిదాకా కళ్ళతో చూడలేదు. మా పని సాగిన రెండు వారాలూ నాకు ఇబ్బంది కాకూడదని తన చిన్న కంప్రెసర్‌ను ఆర్టీసీ కార్గోలో పంపారు. కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గాలి బాగా వేడిగా ఉంటుందనీ, అందుకే మొదటి మీటరు దూరం స్టీలు అల్లిక ఉన్న గొట్టమే వేయాలనీ, ఆ తర్వాతే మామూలు గొట్టం కలపాలనీ చెప్పింది ఆయనే. గాలి ట్యాంకు కూడా పెట్టించుకుంటానని నేనంటే వద్దన్నారు. టైర్లు నింపుకోవడానికి ట్యాంకు అక్కర్లేదు, మన సముద్రపు తేమకు అందులో నీళ్ళు చేరతాయి, రోజూ వంపుకోవాలి అన్నారు. విన్నాను. మంచిదైంది.

ఉప్పుగాలి సంగతి ఎవరికీ తట్టలేదు, ఏరియేటర్లు రిపేరు చేసే అన్నకు తప్ప. ఆ రాత్రి నేను మోటారు తీసుకెళ్ళింది ఆయన పని చేసే చెరువుకే. చెరువు గట్ల మీద స్విచ్చు పెట్టెలు విప్పితే రాగి పచ్చగా పొడిపొడిగా రాలడం ఆయన రోజూ చూస్తారు. పని అయిపోయాక జీపు చూడ్డానికి వచ్చి, వైర్ల కొసలన్నీ విప్పించారు. వైరు కొసలకు బిగించే, కళాయి పూసిన లగ్గులు తెచ్చి, గట్టిగా నొక్కి, పైన వేడికి ముడుచుకునే తొడుగు వేసి, ఆఖరున గ్రీజు పూశారు. కంప్రెసర్ గాలి పీల్చే ఫిల్టరును కింద ఇసుక దగ్గర ఉంచకుండా చిన్న గొట్టంతో పైకి, సీటు ఎత్తుకు తెచ్చారు. "ఆ రాత్రి నువ్వు రాకపోతే మా పంట లేదు, డబ్బు మాటెత్తొద్దు" అన్నారు. అన్నా, నేను చేసింది నా వ్యాపారం. మీరు చేసింది అంతకంటే పెద్దది.

సామాను సర్దుకోవడం కూడా పనే అని మా ఊరి దర్జీ అక్క వల్ల తెలిసింది. ఎనిమిది మీటర్ల గొట్టం, గాలి చూసే గేజి, పంచరు ప్లగ్గులు, వాల్వు పిన్నులు, లీకు చూసుకోవడానికి సబ్బునీళ్ళ సీసా అన్నీ ఒక గోనెసంచిలో వేసేవాణ్ణి. గొట్టం మూతిలోకి ఇసుక పోయి, వాల్వుకు పెట్టగానే బుస్సుమని కారేది. అక్క పాత టార్పాలిన్‌తో సంచి కుట్టింది. ఒక్కో వస్తువుకు ఒక్కో జేబు. కుట్టే ముందు ఆమె అడిగింది ఒక్కటే: "ఇసుక ఎటు దిగాలి తమ్ముడూ?" సంచి అడుగున గుడ్డకు బదులు చేపల వల ముక్క రెండు మడతలు వేసి కుట్టింది. గొట్టం చుట్టి పెడితే ఇసుక దానంతటదే కిందికి రాలిపోతుంది. గొట్టం మూతికి చిన్న తొడుగు కూడా కుట్టి దారంతో కట్టింది. ఇంత చక్కటి ఆలోచన కొన్న సంచుల్లో నేనెక్కడా చూడలేదు.

ఇప్పుడు ఒక్కో టైరు 18 నుంచి 32కి రావడానికి దాదాపు మూడు నిమిషాలు. రెండు టైర్లయ్యాక కాసేపు ఆపి కంప్రెసర్‌ను చల్లారనిస్తున్నాను. ఆ తర్వాత వైరు మీద చేయి వేసి చూడటం అలవాటైంది. చల్లగా ఉంటుంది.

మొన్న పాళెం చిన్నవాడు జీపు మొత్తం తిరిగి చూసి, బ్యాటరీ పక్కన ఫ్యూజ్ దగ్గర ఆగాడు. వాళ్ళ పడవ బ్యాటరీకి అలాంటిది లేదట. ఈ సంగతి చెప్పగానే బాబాయ్ మూత ఉన్న ఫ్యూజ్ పెట్టె ఒకటి, రెండు మీటర్ల వైరు తీసి నా చేతిలో పెట్టారు. ఏరియేటర్ అన్న లగ్గులు, గ్రీజు తెస్తానన్నారు. ఆదివారం పడవ ఒడ్డున ఉంటుంది, ముగ్గురం వెళ్తున్నాం. అవ్వకు కొత్త గోనెపట్టా కూడా తెస్తున్నానని చెప్పండి తమ్ముళ్ళూ, పాతది మా జీపు కోసం కాలిపోయింది.